పాట కోసం ఏసీ ఆపేవాళ్ళం

మా చిన్నప్పుడు... దోహాలో మా ఇంట్లో పాట వినాలంటే ముందు ఏసీ ఆపాలి!

కిటికీలో బిగించిన పాత ఏసీ అది. 'రొద' అనే మాట ఈమధ్య ఒక పుస్తకంలో కనబడగానే నాకు ఆ ఏసీయే గుర్తొచ్చింది... పగలూ రాత్రీ అదే రొద. ఆపితే మాత్రం ఒక్క పాట పూర్తయ్యేలోపు చొక్కాలు ఒంటికి అతుక్కుపోయేవి.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో కొన్ని కుటుంబాలు పంచుకున్న విల్లాలో మాదొక వాటా. చిన్న హాలు, దాన్ని ఆనుకుని వంటిల్లు, ఒక పడకగది. నాన్న ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఊరంతా క్రేన్లు లేస్తున్న రోజులవి... ఎవరింట్లో చూసినా కొత్త టీవీ, కొత్త కారు, అన్నీ పెద్దవే.

అమ్మ పెళ్ళికి ముందు రాజమండ్రిలో వీణ నేర్చుకుంది. దోహా వచ్చేటప్పుడు వీణ అక్కడే ఉండిపోయింది. మా సీడీ సెట్టులో వీణ పాట పెడితే కాసేపు విని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"వీణ కాదండీ అది... దోమ" అనేది.

సెట్టు బాగానే ఉంది, స్పీకర్లదే లోపమన్నారు నాన్న. ఎలాగైనా అమ్మను కూర్చోబెట్టి వీణ వినిపించాలని ఆయనకు పట్టుదల వచ్చింది.

ఒక శుక్రవారం నడుమెత్తు స్పీకర్ల జత కొనేశారు. గేటు పక్క గదిలో ఉండే నర్సయ్య మామ తన పికప్‌లో వాటిని తెచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, డ్రైవర్.

"సార్, గివి పెండ్లి పందిట్ల వెట్టేటియి గద! గీ అర్రల వెడితె మనం యాడ కూసోవాలె?"

"నువ్వు మొయ్యవయ్యా బాబూ, విన్నాక మాట్లాడు" అన్నారు నాన్న.

రెండు మూలల్లో గోడకు ఆనించి పెట్టారు. ఏసీ ఆపారు. వీణ మొదలైంది... లావు తీగ మీటినప్పుడల్లా గదంతా బుయ్‌మంది. వంటింట్లో గిన్నెల మీది మూతలు కూడా తాళం వేశాయి!

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మకు అబద్ధం చెప్పడం రాదు.

"ఇన్నాళ్ళూ దోమ... ఇప్పుడు ఏనుగండీ."

ఇక ఆ వారమంతా నాన్న డ్యూటీ నుంచి రాగానే స్పీకర్లు జరపడమే పని. మూలల్లోంచి ముందుకు లాగితే మోత కాస్త మెత్తబడింది కానీ బీరువా తలుపు తెరుచుకోలేదు. వెనక గోడకు బొంత వేలాడదీస్తే ఇంకొంచెం తగ్గింది... అయినా ఏనుగు ఏనుగే.

"పోనీలెండి, వినకపోవడం నాకు అలవాటైపోయింది" అంది అమ్మ.

ఆ మాట నాన్నకు గుచ్చుకుంది. మర్నాడే మళ్ళీ పికప్...

"నేను ముందుగాల్నే జెప్తి" అని దారంతా నర్సయ్య మామ దెప్పుతూనే ఉన్నాడట.

షాపువాడు గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు. ఈసారి నాన్న షాపు పెద్ద హాల్లో కాకుండా, వెనకున్న ఇరుకు గదిలో పెట్టించుకుని విని మరీ ఎంచారు. చెప్పుల అట్టపెట్టె కంటే కొంచెం పెద్దవి, అంతే!

కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తున నిలబెట్టాలి కదా... ప్లాస్టిక్ స్టూళ్ళ మీద పెడితే పాటతో పాటు స్టూళ్ళూ వణికాయి. నర్సయ్య మామ ఒక సైటులో అడిగి సిమెంటు ఇటుకలు తెచ్చి పేర్చాడు.

"ఇగ భూకంపమొచ్చినా కదలయి అక్కా."

స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, వినే మనిషికీ ఒక్కో స్పీకరుకీ అంతే దూరం ఉండాలట. నాన్న పురికొసతో కొలిచారు, ఒక కొస నేను పట్టుకున్నాను. ఆ చోటు వచ్చి వచ్చి... సరిగ్గా వంటింటి దారిలో పడింది!

నాన్న అక్కడే కుర్చీ వేశారు.

"కూర్చో."

"దారికడ్డంగానా? పొయ్యి మీద పప్పుందండీ."

"ఒక్క పాట."

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఏసీ ఆగింది. రొద ఆగింది... వీణ మొదలైంది. ఈసారి అది స్పీకర్లలోంచి వస్తున్నట్టే లేదు. రెండింటి నడుమ, బొంత వేలాడే గోడ ముందు, ఎవరో బాసింపట్టు వేసుకుని వాయిస్తున్నట్టుంది. తీగ మీద వేలు జారడం కూడా వినబడింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. మోకాలి మీదున్న ఎడమచేతి వేళ్ళు మాత్రం... వీణ మెట్లను వెతుక్కుంటున్నట్టు మెల్లగా కదిలాయి. నాన్న చెమట కూడా తుడుచుకోకుండా ఆ వేళ్ళనే చూస్తున్నారు.

పాట అయిపోయింది. అంతలో తలుపు దగ్గర నర్సయ్య మామ...

"ఏంది సార్, ఏసీ బందైంది? ఖరాబైందా?"

అమ్మ కళ్ళు తెరిచింది. వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది.

"నాన్నా, నువ్వెళ్ళి పొయ్యి కట్టెయ్" అంది నాతో. తను కుర్చీలోంచి లేవలేదు. "నర్సయ్య తమ్ముడూ, లోపలికొచ్చి కూర్చో... ఏమండీ, ఇంకొకటి పెట్టండి."

ఆ రాత్రి మాడిన పప్పు నాన్న రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు!

ఆ కుర్చీ అక్కడే ఉండిపోయింది. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా కాళ్ళకు తగిలేది... ఎవ్వరం జరపలేదు.

ఇప్పుడు అమ్మానాన్నలు దోహాలోనే అబూ హమూర్ వైపు ఉంటున్నారు. అక్కడి ఏసీ చప్పుడే చేయదు. నేనేమో హైదరాబాద్ హాస్టల్లో... చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తింటూ, నడుస్తూ, చదువుకుంటూ ఎప్పుడూ ఏదో ఒక పాట. ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినబడుతుంది. కానీ పాట కోసమని నేను ఆపేది ఏదీ లేదు...

మీ ఇంట్లో పాట కోసం ఏం ఆపేవాళ్ళు? చెప్పరూ...