మార్సెయ్ గాలికి ఏడు కిలోలు

నీతకు కోపం ముక్కు మీదే ఉంటుందని ముంబై కామాటిపుర ఏడో గల్లీలో వాళ్లుండే ఇరుకు గదుల చాల్‌లో అందరూ అంటారు. ఉండదా మరి? ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి మేడలకు రాళ్లు మోశాడు, తాతా మోశాడు, నాన్న శంకర్రావు గోదాములో మూటలు మోస్తాడు. సముద్రం వైపు చూసింది నీత ఒక్కతే. మున్సిపల్ బడి పిల్లల్ని ఒకసారి కొలాబాలో తెరచాప పడవలు నేర్పించడానికి తీసుకెళ్లారు. ఆ రోజు నుంచి ఆమెను ఒడ్డున ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఇరవై రెండేళ్లకే, ఒంటరిగా పడవ నడిపే పోటీలో దేశంలో రెండో స్థానం తెచ్చుకుంది.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో, మార్సెయ్‌లో జరిగే పోటీలకు పిలుపు వచ్చింది. మధ్యధరా ఒడ్డునున్న ఆ ఊళ్లో గాలి చెంప పగలగొట్టినట్టు కొడుతుందట. పడవ అంచున కూర్చుని, ఒళ్లంతా నీళ్ల మీదికి వేలాడేస్తేనే పడవ నిలుస్తుంది. దానికి బరువు కావాలి. నీత యాభై ఆరు కిలోలు. రెండు నెలల్లో అరవై మూడు కాకపోతే తన దగ్గరే నేర్చుకునే ఇంకో అమ్మాయి శ్రావణిని పంపుతానని కోచ్ తేల్చి చెప్పింది.

తల్లి ఎల్లమ్మ రోజూ నాలుగు గుడ్లు ఉడకబెట్టి ఉంచుతానంది. ఉడకబెట్టింది కూడా. పొద్దుననగా వెళ్లిన నీత సాయంత్రం తిరిగొచ్చేసరికి పళ్లెంలో ఒకటి ఉంటే గొప్ప. మిగతావి తమ్ముడు రాకేష్ పొట్టలోకి. వాడు జిమ్‌లో కండలు పెంచి ఫోన్‌లో ఫొటోలు పెట్టుకుంటాడు. ఆ కండలు ఏ గాలికి అడ్డం పెట్టాలో దేవుడికే తెలియాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తినే ఇంట్లో తిండి అడగడానికి నీతకు నోరు రాలేదు.

నెల గడిచింది. నాగ్‌పాడాలో పాత ఇనుము కొట్టు కాటా ఎక్కి చూస్తే ముల్లు యాభై ఆరు దగ్గరే నిలబడింది. నీత ఒళ్లు మండిపోయింది. మెట్లు రెండేసి ఎక్కి ఇంటికొచ్చింది. రాకేష్ ముందు గుడ్ల పళ్లెం ఉంది. దాన్ని లాక్కుని, అమ్మానాన్నల ఎదుటే బాసింపట్టు వేసుకుని తినడం మొదలుపెట్టింది. మగవాళ్ల కంటే ముందు ముద్ద ముట్టిందని శంకర్రావు చెంబు విసిరికొట్టాడు. మగపిల్లగాడికి బలం కావాలని, లావెక్కిన ఆడపిల్లను ఎవరు చేసుకుంటారని ఎల్లమ్మ సాధించింది. మూడు గుడ్లు అయ్యేదాకా నీత తల ఎత్తలేదు.

"సిగ్గు లేదానె నీకు?" అంది తల్లి.

"ఉండె. గందుకే ఏడు కిలోలు తక్కువున్న," అని నీత నాలుగో గుడ్డు నోట్లో పెట్టుకుంది.