కళ్ళకు అడ్డం పెట్టిన చెయ్యి

సౌదీలో, రాస్ తనూరాలో ఓ కాంట్రాక్టు కంపెనీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఒక శుక్రవారం నా రూమ్మేటుకి డ్యూటీ పడి సినిమా టికెట్టు మిగిలిపోతే, మా సైట్లో వెల్డరుగా చేసే జగిత్యాల అతన్ని వెంటబెట్టుకుని దమ్మాం వెళ్ళాను. అంతరిక్షం సినిమా, రెండో భాగం. మొదటి భాగం కథంతా దారిలో నేనే చెప్పాను.

గోడంత తెర మీద గ్రహాలు పగిలిపోతుంటే అతను నోరు తెరుచుకుని చూశాడు. కాసేపటికి, ఆకాశంలో ఆగిన పెద్ద ఓడకు వెల్డింగు చేసే దృశ్యం వచ్చింది. తెల్లటి వెలుగుతో హాలంతా జిగేల్మంది. అతను చటుక్కున తల తిప్పేసుకుని, నా కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. సైట్లో నేను అద్దాలు మరిచిపోయి దగ్గరికెళ్తే అలాగే పెడతాడు.

"చూడకుండ్రి సార్, కండ్లు పోతయ్."

వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను ఆ చేతిని విసురుగా తోసేశాను. వెనక్కి తిరిగి ఇంగ్లీషులో సారీ చెప్పి, ఇతను ఇలాంటివి ఎప్పుడూ చూడలేదని కూడా చెప్పి, వాళ్ళతో పాటు నవ్వాను. వాళ్ళేమీ అడగలేదు. అతనితో వచ్చానే గానీ అతనిలాంటివాణ్ణి కాదని వాళ్ళకు తెలియాలి, అంతే నా బాధ.

తిరిగొస్తుంటే అతనే అన్నాడు, "నిజంది అనుకున్న సార్. పొద్దంత అదే పని గదా."

మర్నాడు పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి రోజూ చెప్పేదే చెప్పాను. వెల్డింగు వెలుగు వైపు చూడొద్దు, పక్కవాడి కళ్ళు కూడా మీ బాధ్యతే. ముందు వరసలో నిలబడి అతను బుద్ధిగా తలూపాడు.