పదిహేడు నవ్వు బొమ్మలు

ఆ మంగళవారం ఉదయం ఆరున్నరకు బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని టమాటా ధర చెప్పబోయాను. నాలుక దళసరిగా కదిలింది. మాట వచ్చింది కానీ ముద్దముద్దగా వచ్చింది. మృగశిర కార్తె వచ్చిన వారం అది. రాత్రి వాన పడింది, గాలి చల్లగా ఉంది. చలికి మూతి బిగుసుకుందనుకున్నాను. కుడిచేతిలోని కాగితం జారి కింద పడితే గాలికి పడిందనుకున్నాను. మిగతా వార్తలు చదివేసి పంపించాను. రోజూ పంపే ముందు ఒకసారి వినేవాణ్ణి. ఆ రోజు వినలేదు.

ఈ వార్తల సంగతి చెప్పాలి. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల విభాగం సూపరింటెండెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు అశోక్‌నగర్‌లో. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్లం పంతొమ్మిది మందిమి పార్కులో కలిసి నడిచేవాళ్లం. కరోనా వచ్చి పార్కుకు తాళం పడ్డప్పుడు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. తాళం తీశాక కూడా గ్రూపు మిగిలింది. అందులో రోజూ ఉదయం నేను రెండు నిమిషాల వార్తలు చదివేవాణ్ణి, పాతకాలం రేడియో గొంతుతో. మార్కెట్లో కూరగాయల ధరలు, నల్లా నీళ్లు రాని వీధులు, ఎవరింట్లో పెళ్లి, చివర ఆరోగ్య వార్తలు.

అందరూ ఎదురుచూసేది ఆ చివరి భాగం కోసమే. ఒంట్లో బాగాలేని వాళ్లు ముందురోజు సాయంత్రంలోగా నాకు చెప్పేవారు. నేను చీటీ మీద రాసుకుని దాన్ని హాస్యంగా మార్చేవాణ్ణి. సుల్తాన్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న యాదగిరి మోకాళ్ల నొప్పులని చెబితే, "యాదగిరి గారి మోకాళ్ల చప్పుడు విని, షట్టర్లు పడుతున్నాయనుకుని సుల్తాన్ బజార్ వ్యాపారులు గల్లాపెట్టెలు సర్దుకున్నారు" అని చదివాను. ఆయన ఆ ఆడియోను తన చుట్టాలందరికీ పంపుకున్నాడు. మా గ్రూపులో ఏ రోగమైనా నవ్వుగా మారాకే బయటికి వచ్చేది. బాధను బాధగా చెప్పుకోకూడదన్న నియమం పెట్టింది నేనే. అందరం అరవై దాటినవాళ్లం, ఏడుపు మొదలైతే ఆగదని నా వాదన.

ఆ మంగళవారం పంపిన పది నిమిషాలకు నాలుక మామూలైంది. గ్రూపు తెరిచి చూస్తే కళ్లనీళ్లు కారేలా నవ్వే బొమ్మలు వరుసగా ఉన్నాయి. యాదగిరి రాశాడు: "అన్నా, పొద్దుగాల్నే ఏసినవా? జర మమ్ముల గూడ పిలవరాదె." నేను తాగుబోతు గొంతు అనుకరించానని అందరూ అనుకున్నారు. అప్పుడు విన్నాను. నిజంగానే తాగినవాడి గొంతులా ఉంది. నాకూ నవ్వొచ్చింది. "ఈ రోజు ప్రత్యేక సంచిక" అని జవాబు రాశాను.

నవ్వని మనిషి ఒక్కరే, సుగుణమ్మ. సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి రిటైరైన మనిషి, నారాయణగూడలో ఉంటారు. రెండుసార్లు ఫోన్ చేశారు. స్నానంలో ఉన్నాను, తర్వాత చూసి కూడా మళ్లీ చేయలేదు. అప్పుడు గ్రూపులోనే రాశారు: "నర్సింగరావన్న, ఇది నవ్వే గొంతు కాదు. అద్దం ముందల నిలబడి నవ్వి చూడుండ్రి, మూతి సక్కగ ఉన్నదా. రెండు చేతులు పైకి లేపుండ్రి. తగ్గినా సరే ఇయ్యాల్నే హాస్పిటల్‌కు పోవాలె."

పంతొమ్మిది మంది చదివే చోట అలా రాయడం నాకు నచ్చలేదు. నన్ను రోగిని చేసినట్టనిపించింది. మర్నాడు బుధవారం వార్తల్లో మొదటి అంశం ఆమె గురించే. "రిటైరైనా డ్యూటీ దిగని ఒక సిస్టరు గారు సూది పట్టుకుని చిక్కడపల్లి వీధుల్లో తిరుగుతున్నారు. నవ్విన వారిని నవ్వినందుకు, నవ్వని వారిని నవ్వనందుకు అడ్మిట్ చేస్తున్నారు. ప్రజలు తలుపులు వేసుకోవలసిందిగా విజ్ఞప్తి." నవ్వు బొమ్మలు లెక్కపెట్టాను. పదిహేడు. నేనూ ఆవిడా పోగా గ్రూపులో ఉన్నది పదిహేడు మందే.

ఆ సాయంత్రం ఆవిడ గ్రూపు నుంచి వెళ్లిపోయారు. నా డైరీలో ఆ రోజు ఇలా ఉంది: "బీపీ 128. మాత్ర లేదు. నేటి వార్తలకు ఎన్నడూ లేనంత స్పందన. సుగుణమ్మ గ్రూపు వదిలారు. కారణం తెలియదు."

మాత్ర లేదు అన్న మాట గురించి కూడా చెప్పాలి. మూడేళ్లుగా నాకు బీపీ ఉంది. రోజూ ఉదయం చూసుకుని అంకె రాసేవాణ్ణి. నూటముప్పై లోపు ఉన్న రోజు మాత్ర వేసుకునేవాణ్ణి కాదు. బీపీ లేని రోజు బీపీ మాత్ర ఎందుకని నా లెక్క. డాక్టరును అడగలేదు. పద్ధతి ప్రకారం రాసుకుంటున్నాను కనుక పద్ధతిగానే ఉన్నాననుకున్నాను.

శనివారం ఉదయం ఆరు ఇరవైకి డైరీలో సమయం వేసి బీపీ రాయబోతుండగా కలం జారింది. పేజీ మీద ఒక గీత కిందికి పోయి ఆగింది. లేవబోతే కుడికాలు రాలేదు. మా ఆవిడ విమల వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. మాట తయారుగా ఉంది, నోరు దాటలేదు. ఆమె ఫోన్ తీయబోతే ఎడమచేత్తో ఆపాను. మంగళవారం పది నిమిషాల్లో తగ్గింది కదా, ఇదీ తగ్గుతుందనుకున్నాను. అయిదు వేళ్లు రెండుసార్లు చూపించాను. పది నిమిషాలు అని. ఆమె ఎలాగో మంచం మీదికి చేర్చింది. పది నిమిషాలు గడిచేలోపు నిద్రలాంటిది పట్టింది. నిద్రపోతున్నాను కదా, లేస్తే తేరుకుంటానని ఆమె కాచుకుని కూర్చుంది. నలభై ఏళ్లుగా నేను ఆగమంటే ఆగడం ఆమెకు అలవాటు చేసింది కూడా నేనే.

పదకొండింటికి యాదగిరి వచ్చాడు. వార్తలు రాలేదేమని చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలోంచే, "ఏందన్నా, ఇయ్యాల రేడియో స్టేషన్ బందా?" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. "వదినా, ఆటో పిలుస్తున్న. చెప్పులు కూడ వద్దు, నడువుండ్రి" అన్నాడు. ఆ గొంతులో హాస్యం లేకపోవడం నేను మొదటిసారి విన్నాను.

క్యాజువాలిటీలో ఒక యువ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "లాస్ట్ నార్మల్‌గా ఎప్పుడున్నారు? ఎగ్జాక్ట్ టైం కావాలి." విమల సంచిలోంచి డైరీ తీసి ఆ పేజీ చూపించింది. ఏం తోచక, చేతికందిన డైరీని వెంట తెచ్చిందట. 6.20, దాని పక్కన ఆ గీత. డాక్టరమ్మ గడియారం చూసుకున్నారు. సి.టి. స్కాన్ అయ్యాక విమలతో మెల్లగా చెప్పారు: "క్లాట్ ఉందమ్మా. కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల విండో ఉంటుంది. అది దాటిపోయింది." ఇన్నేళ్లు నిమిషాలతో సహా రాసిన డైరీ ఆ రోజు చెప్పింది, ఆలస్యం ఎంతో.

ఇంతకుముందు ఇలాంటిదేమైనా జరిగిందా అని డాక్టరమ్మ అడిగారు. విమలకు తెలియదు. యాదగిరి ఫోన్ తీసి మంగళవారం ఆడియో వినిపించాడు. నాకు అన్నీ వినిపిస్తున్నాయి, అర్థమవుతున్నాయి. ఆ మంచం చుట్టూ నా ముద్దగొంతు టమాటా ధర చెబుతోంది. ఎవరూ నవ్వలేదు.

"ఇది టి.ఐ.ఎ. సార్. పెద్ద స్ట్రోక్‌కు ముందు వచ్చే వార్నింగ్. అదే రోజు వచ్చి ఉంటే..." అని ఆగి, "ఇది విని మీలో ఎవరూ ఏమీ అనలేదా?" అన్నారు.

యాదగిరి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఒకామె అన్నది మేడం," అన్నాడు. "మేమే నవ్వినం."

తర్వాతి రోజులు త్వరగా చెబుతాను. ఎం.ఆర్.ఐ. తీశారు. మెదడు ఎడమవైపు దెబ్బతింది, అందుకే కుడిచేయి, కాలు, మాట పోయాయి. కరోటిడ్ డాప్లర్ పరీక్షలో మెడ రక్తనాళం కొంత సన్నబడిందన్నారు, మందులు రాశారు. మింగితే పొలమారుతోందని ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ వేశారు. అయినా ఆరోరోజు జ్వరం వచ్చింది, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. ఇంకో పది రోజులు అక్కడే ఉన్నాను. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ నా డైరీ తిరగేసి, మాత్ర లేదు అని రాసిన రోజులన్నీ చూశారు. "మాత్ర వేసుకుంటేనే కదా సార్ ఆ నంబర్ వచ్చేది" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ మొదలైంది. మూడోనెలలో, తొందరపడి కర్ర లేకుండా లేచి బాత్‌రూంలో పడ్డాను. ఎముక విరగలేదు కానీ నడక మళ్లీ మొదటికొచ్చింది. గ్రూపులో పువ్వులు, దండాలు, త్వరగా కోలుకోవాలన్న బొమ్మలు వచ్చేవి. ఒక్కరూ హాస్యం రాయలేదు. ఏం రాయాలో వాళ్లకు తెలియలేదు, నేను వాళ్లకు నేర్పింది అదొక్కటే కదా. కొన్నాళ్లు ఫోన్ తెరవలేదు.

స్పీచ్ థెరపీకి యాదగిరి తన స్కూటర్ మీద నారాయణగూడ తీసుకెళ్లేవాడు. వారాల పేర్లు, అంకెలు, ఇంట్లో వస్తువుల పేర్లు. రోజూ వాడే ఏదైనా ఒక వాక్యం ఎంచుకోండి, దాన్ని సాధన చేద్దామని థెరపిస్టు అన్నాడు. ఎడమచేత్తో కాగితం మీద రాసి ఇచ్చాను: "సుగుణమ్మా, తప్పు నాది." ఆయన చదివాడు. "స"తో మొదలయ్యే మాట నాకు అన్నిటికంటే కష్టమని చెప్పాడు. ఆవిడకు ఫోన్ చేసి నా తరఫున తాను చెబుతానని విమల అంది. వద్దన్నాను. ఆవిడను అవమానించింది నా నోరు. ఆ నోరే చెప్పాలి.

అయిదు నెలలు పట్టింది. ఒక ఆదివారం యాదగిరి చేయి పట్టుకుని నారాయణగూడలో ఆవిడ ఇంటి రెండు మెట్లు ఎక్కాను. సుగుణమ్మ తలుపు తీసి ముందు నా కాలు ఈడ్పు చూశారు, తర్వాత మూతి. "బీపీ గోళి ఏసుకున్నరా అన్న?" అన్నారు. తలూపాను. కూర్చున్నాక వాక్యం మొదలుపెట్టాను. "సు" దగ్గరే ఆగిపోయింది. మళ్లీ ఆగింది. యాదగిరి అందించబోతే ఆవిడ చేత్తో వారించారు. "తొందరేం లేదన్న. నేనేడికి పోత? కూసుంట" అన్నారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. నా జీవితంలో గడియారం చూసుకోని సమయం అది. చివరికి చెప్పాను. ముద్దగానే, మొత్తం చెప్పాను.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "నాదీ ఉన్నదన్న. ఈడికెల్లి మీ ఇల్లెంత దూరం? ఆటోల పది నిమిషాలు. ఎన్ని ఏండ్లు వార్డుల పనిచేసిన, రోగి తిట్టిండని మందియ్యకుంట పోయిన్నా ఎన్నడన్న? మీ కాడ మాత్రం అలిగి కూసున్న" అన్నారు. అది ఆవిడ తప్పు కాదని చెప్పాలనుకున్నాను. ఆ వాక్యం నేను సాధన చేయలేదు.

యాదగిరి గ్రూపులోకి మళ్లీ రమ్మన్నాడు. అందరం మాఫీ అడుగుతామన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "కోపం లేదు తమ్మీ. గాని మల్ల ఎవరికన్న ఇట్లనే అయితే, చెప్పాలె అనుకుంట, నవ్వుతరేమో అని ఒక్క నిమిషం ఆగుత. గా నిమిషం నాకు భయం. రాను" అన్నారు.

నా కుడిచేయి పూర్తిగా రాలేదు. దానికంటే ఎక్కువగా నన్ను బాధించేది ఆ మాట. అందరిలో రోగం తెలిసిన ఒకే ఒక్క మనిషికి, చెప్పడానికి జంకు నేర్పాను. దానికి ఏ థెరపీ లేదు.

ఇప్పుడు కర్రతో నడుస్తాను. డైరీ ఎడమచేత్తో రాస్తాను, రోజుకు నాలుగు పంక్తులు. మాత్ర రోజూ వేసుకుంటాను, అంకె ఏదైనా సరే. ఇన్నేళ్లలో డైరీ రాత ఎప్పుడూ దిద్దలేదు. ఆ బుధవారం పేజీలో మాత్రం "కారణం తెలియదు" అన్నది కొట్టేసి, కింద కారణం రాశాను. వంకర అక్షరాలతో పేజీ నిండింది. గ్రూపులో వార్తలు ఇప్పుడు యాదగిరి చదువుతాడు. హాస్యం ఉంది, ఉండాలి కూడా. ఆరోగ్య వార్తలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చదువుతాడు. మంగళవారం ఆడియో నేను తుడిచేయలేదు. కొత్తగా ఎవరు చేరినా ముందు అది వినిపిస్తాం.

చదివేవారికి ఒక్క మాట. ఫోన్లో మీ స్నేహితుడి గొంతు ముద్దగా వినిపిస్తే ఏ బొమ్మా పెట్టకండి. వెంటనే ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి. పది నిమిషాల్లో తగ్గిపోయినా, ఎప్పుడు మొదలైందో రాసుకుని అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయన కోప్పడినా సరే.

రోజూ ఉదయం ఆరున్నరకు నేనిప్పుడు ఒకే ఒక్కరికి ఆడియో పంపుతాను. తేదీ, బీపీ, మాత్ర వేసుకున్నానన్న మాట, సుగుణమ్మా అన్న పిలుపు. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒక్క మాటే, "విన్న" అని. ఈ రోజు మాత్రం కాస్త ఎక్కువ రాశారు: "విన్న. నిన్నటికంటె సాఫ్‌గ ఉన్నది. రేపు కూడ పంపుండ్రి."