కంచె లోపలి గోగాకు

చనిపోయిన మనిషి నాటిన మొక్క ఎవరిది? నేల ఉన్నవాళ్ళదా, నీళ్ళు పోసినవాళ్ళదా, గింజ తెచ్చినవాడి కడుపున పుట్టినవాళ్ళదా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా దీనికి సరైన జవాబు ఇప్పటికీ దొరకలేదు. హుస్సేనమ్మను అడిగితే మాత్రం క్షణం ఆలోచించదు. "వండుకోని తినేటోళ్లది" అంటుంది. అది జవాబో దబాయింపో తేల్చుకోవడం వినేవాళ్ళ పని.

హుస్సేనమ్మది రాయచోటి పక్కన పల్లె. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. తండ్రిని నాయనా అనే పిలిచేది. ఆ నాయన, ఖాదర్ హుస్సేన్, గల్ఫ్‌లో, అల్ ఐన్ శివార్లలో ఒక ఖర్జూరపు తోటలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. తల్లి చిన్నప్పుడే పోయిన ఇల్లు కావడంతో ఆయన దిగిన మర్నాటి నుంచి పొయ్యి ఆయనదే.

"దుబాయ్‌లో ఆడోళ్ల పని నేర్చినావా ఖాదరూ?" అని వీధిలో మగవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"నేర్చినా. మీరూ రాండి, గిన్నెలు తోమేది నేర్పిస్తా" అనేవాడు, ఉల్లిపాయ మీది నుంచి చూపు తిప్పకుండా.

గోంగూరను వాళ్ళ వైపు గోగాకు అంటారు. గోగాకు మాంసం ఆయన చేతి వంట. ఆకును విడిగా ఉడకబెట్టి నీళ్ళు వంచేసే పద్ధతి ఆయనకు గిట్టదు. మాంసం ముప్పాతిక ఉడికి కొవ్వు పైకి తేలాక, కడిగిన ఆకును గుప్పెళ్ళతో అందులోనే వేసేవాడు. పొట్టు తీయని తెల్లగడ్డ, చీల్చని పచ్చిమిరపకాయ, ఉప్పు. మసాలా పొడి ఆ ఛాయలకు రాకూడదు. "ఆకు పులుపు మాంసానికి పట్టాల, మాంసం కొవ్వు ఆకుకు పట్టాల. నడుమ ఇంగొకరు దూరితే కాపురం చెడ్తాది" అని కూతురికి చెప్పేవాడు. హుస్సేనమ్మ వంటంతా అలా మగవాడి దగ్గర నేర్చిన వంట.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. సెలవు అయిపోయిన రోజు పోయొస్తానని ఎవరికీ చెప్పేవాడు కాదు. గంప తీసుకొని "ఆకు కోసుకోనొస్తా" అని పెరట్లోకి వెళ్ళేవాడు. కాసేపటికి చూస్తే నిండు గంప దడి పక్కన ఉండేది, మనిషి బస్సెక్కి పోయి ఉండేవాడు. చిన్నతనంలో ఆమె రెండుసార్లు మోసపోయింది. మూడోసారి ఆయన గంప మీద చెయ్యి వేయగానే పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. వెనకాలే వెళ్ళలేదు. ఆ ఆకు మాత్రం వండింది.

2020 జూన్ నాటికి హుస్సేనమ్మ కూడా అదే దేశం చేరి, కల్బా అనే ఊళ్ళో ఒక ఇంట్లో వంట చేస్తూ ఉంది. తోటలో నాయనకు జ్వరం తగిలిందని తెలిసింది. ఒక ఎమిరేట్ నుంచి ఇంకో ఎమిరేట్‌కు దాటాలంటే అనుమతి కావలసిన రోజులవి. ఆసుపత్రి మంచం మీది నుంచి ఆయన ఫోన్ చేశాడు. ఆయాసపడుతూ, తోటలో తాను వేసిన గోగాకు మడి గురించే చెప్పాడు.

"మల్లేశ్‌కు చెప్పినా, కొనలు గిల్లమని. మర్చిపోతాడు వాడు. నువ్వు గూడా చెప్పు."

"చెప్తాలే నాయనా. నువ్వెట్లుండావు?"

"ఉండు మే, నీళ్లు తాగొస్తా."

ఫోన్ పెట్టేయలేదు. పక్కన పెట్టాడు. ఆమె చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకొని కూర్చుంది. ఎవరివో అడుగులు, ఏదో యంత్రం కీచుమనే చప్పుడు. తర్వాత అదీ తెగిపోయింది. నాలుగో రోజున అల్ ఐన్‌లోనే మట్టి చేశారు. ఆమె వెళ్ళలేకపోయింది.

ఏడాది గడిచాక కల్బా పని వదులుకొని, పట్టుబట్టి, నాయన పనిచేసిన తోటలోనే పనివాళ్ళకు వండిపెట్టే పనిలో చేరింది. పదకొండు మందికి మూడు పూటలా. అందులో మల్లేశ్ ఒకడు, నిజామాబాద్ వైపు మనిషి, నాయనతో తొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు. వచ్చిన రోజు సాయంత్రం అతనే ఎదురొచ్చాడు.

"కాక సమాధి కాడికి తీస్కపోత అక్కా, బండి ఉంది."

"తర్వాత పోదాం. మడి ఏదీ?"

మోటారు గది వెనక, రెండు ఖర్జూరం చెట్ల నీడలో, మంచం పట్టేటంత నేల. నాయన రుమాలు కొసన కట్టి తెచ్చిన గింజలతో మొదలైన మడి. ఆమె వంగి ఒక్కొక్క మొక్కనూ పట్టి చూసింది. ప్రతి కొమ్మకూ కొన గిల్లి ఉంది. గిల్లిన చోట పచ్చి ఇంకా ఆరలేదు.

"ఎనిమిది రోజులకోపారి గిల్లమని చెప్పిండు" అన్నాడు మల్లేశ్. "మా దిక్కు దీన్ని పుంటికూర అంటం. కాక ఒప్పుకోకపోతుండె. పేరు నువ్వు పెట్టుకో, కూర నేను వండుకుంట అనేటోడు."

ఆ వారం నుంచి శుక్రవారమంటే గోగాకు మాంసం, రాగి సంగటి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మల్లేశ్, "చెయ్యి కాకదే" అన్నాడు, కంచంలోకి చూస్తూ. అల్ ఐన్‌లో నాయన సమాధి దగ్గరికి ఆమె ఏడాదికి రెండుసార్లు వెళ్ళేది. మడి దగ్గరికి రోజూ వెళ్ళేది. గదుల ఏసీల కింద డబ్బాలు పెట్టి, కారిన నీళ్ళన్నీ తెచ్చి మొక్కల మొదట్లో పోసేది. అదీ నాయన పద్ధతే. మూల మొక్క ఒక్కదాన్ని మాత్రం గింజకు వదిలేది.

రెండేళ్ళు అలా నడిచాక, 2023లో తోటకు వారాంతాల్లో అతిథులు రావడం మొదలైంది. యజమాని కూతురు ఆ పని పెట్టుకుంది. చిన్న మేడం అంటారు అందరూ. ఆ పిల్ల ఖాదర్ హుస్సేన్ భుజాల మీద ఎక్కి ఖర్జూరాలు తెంపిన పిల్ల. ఆయన పేరు తోటలో నిలవాలని ఆమె కోరిక. అక్టోబరు చివర ఒక ఉదయం హుస్సేనమ్మ డబ్బా పట్టుకొని వెళ్ళేసరికి మడి చుట్టూ తెల్ల రంగు వేసిన చెక్క కంచె ఉంది. చిన్న తలుపు, దానికి తాళం. ముందు ఒక బోర్డు, బోర్డు మీద తలపాగా చుట్టుకొని నవ్వుతున్న నాయన.

"ఏం రాసినారు మల్లేశూ?"

"పైన అరబీ. కింద ఇంగ్లీషు. ఖాదర్ హుస్సేన్ తోట అని ఉంది. ఇర్వై ఆరేండ్లు పని చేసిండని ఉంది. ఆకు కొయ్యొద్దని ఉంది."

"ఎవురు కొయ్యద్దంట?"

"అందరు."

"నేను గూడానా?"

"అందర్ల నువ్వు లేవా అక్కా?"

ఆమె నేరుగా తోట ముదీర్, అంటే మేనేజరు, అయూబ్ దగ్గరికి వెళ్ళింది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, చెడ్డవాడు కాదు. ఆమె కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకొని కుర్చీ చూపించాడు.

"ఎంతమంది పనోళ్లకు బోర్డు పెడ్తరు చెప్పు హుస్సేనమ్మా. మీ నాయినకు ఎంత ఇజ్జత్ అది."

"ఇజ్జత్ సరే సార్. కూర ఎట్ల?"

"గ్రోసరీల కట్టలు దొర్కుతయ్ కదా. తెప్పిస్త."

"కొనలు గిల్లకపోతే అది పూతకు పోతాది సార్. పూతకు పోతే కాయ కట్టి ఎండి సచ్చిపోతాది."

"కోస్తే సస్తది గాని, కొయ్యకపోతే సస్తదా? మేడం ముచ్చటపడి పెట్టింది. యల్లా, పోయి పొయ్యి చూస్కో."

పొయ్యి చూసుకుంది. ఆ శుక్రవారం మాంసం వచ్చింది, ఆమె దాన్ని ఫ్రీజర్‌లో పడేసి పప్పు వండింది. పై శుక్రవారం కూడా పప్పే. ఆకు లేనిదే మాంసం వండనని చెప్పేసింది. ఆ రెండో వారానికే పనివాళ్ళ ముఖాలు వాడిపోయాయి. మూడో వారం మల్లేశ్ కంచం ముందు పెట్టుకొని నసిగాడు.

"కొట్లాట నీకు, మేడంకు. నడుమ మాకెందుకక్కా పప్పు?"

"కంచెకు గుంతలు తవ్వింది ఎవురు?"

మల్లేశ్ పప్పు కలుపుకున్నాడు. తవ్వింది అతనే.

అయూబ్ కూడా అక్కడే తింటాడు. "నీ నాయిన పేరు మీద బోర్డు పెడ్తే నువ్వే లొల్లి చేస్తవేంది?" అన్నాడు విసుగ్గా.

"మా నాయన సమాధి ఊరవతల ఉంది సార్. దాని సుట్టూ కట్టుకోండి కంచె, నేనొద్దనను. ఇది కూరాకు మడి."

నవంబరు నడిమికి ఆకులు ముదిరి గరుకెక్కాయి. కణుపుల దగ్గర గట్టి మొగ్గలు కనబడ్డాయి. హుస్సేనమ్మ వాటిని కంచె ఇవతలి నుంచి చూసింది. ఆ రాత్రి ఏం ఆలోచించిందో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు శుక్రవారం. తోట నిండా అతిథులు. పది గంటల ఎండలో, అందరూ చూస్తుండగా, ఆమె కొంగు నడుముకు దోపి, గంప లోపలికి విసిరి, నడుమెత్తు కంచె దాటింది. నలభై దగ్గరపడిన మనిషి. చీర కుచ్చిళ్ళు ఒక చెక్కకు తగులుకుంటే లాగి విడిపించుకుంది. చిరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

అయూబ్ పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే చిన్న మేడం వచ్చింది. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. హుస్సేనమ్మ ఎవరినీ చూడకుండా కొనలు గిల్లుతూనే ఉంది.

"బయటికి రా. మేడం అడుగుతున్నది, ఎందుకు పాడు చేస్తున్నవని."

"పాడయింది నువ్వు తాళమేసినాకనే సార్." ఒక ముదురు ఆకు తెంపింది. అంచు వరుసలో, కంచె సందులోంచి వేళ్ళు దూర్చి ఆమె దొంగతనంగా గిల్లుతూ వచ్చిన మొక్క ఒకటుంది. దాని లేత చిగురు ఇంకొకటి తెంపింది. రెండూ మేడం చేతిలో పెట్టింది. "నమలమను. ముందు ఇది, మల్ల ఇది."

మేడం నమిలింది. ముదురాకు ముక్కను వేళ్ళతో తీసి పారేసింది. లేత ఆకు పులుపుకు కళ్ళు మూసుకుంది.

"చెప్పు సార్ ఆ యమ్మకు. మా నాయన ఎనిమిది రోజులకోసారి గిల్లింది దీన్ని చంపేదానికి కాదు. బొమ్మను చూసి పోతే ఆయన గుర్తుండడు. నోరు పులిస్తే గుర్తుంటాడు. కొయ్యద్దని రాసినారు, ఆయన జీవితంలో ఎవురికీ కొయ్యద్దని చెప్పలా."

అయూబ్ అంతా విని, అరబీలో నాలుగే మాటలు అన్నాడు. మిగతావి ఏం చేశాడో ఆమెకు తెలియదు. మేడం బోర్డు మీది ఫోటో వైపు చూసింది. ఏదో అని వెళ్ళిపోయింది.

"ఏమనింది?"

"నా చిన్నప్పుడు ఆయన నా నోట్ల గూడ పెట్టెటోడు ఈ ఆకు, మర్చిపోయిన అన్నది."

"తాళం సంగతి?"

"అది చెప్పలేదు."

"అయితే ఇంగ దాటే అవసరం లేకుండా నువ్వే తియ్యి."

అయూబ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ మధ్యాహ్నం మూడు వారాల మాంసం ఒకేసారి ఉడికింది. చిన్న మేడంకు ఒక గిన్నె వెళ్ళింది. గిన్నె ఖాళీగా, కడగకుండా తిరిగొచ్చింది. దాన్ని హుస్సేనమ్మ అందరికీ చూపించి మరీ కడిగింది.

బోర్డు తీయలేదు. కొయ్యొద్దనే రాత కింద కూర్చొని కోయడం ఆ తోటలో రివాజైంది. జనవరిలో ఒక ఉదయం అయూబ్ ఒక్కడే మడిలో కూర్చొని కొనలు గిల్లుతూ కనిపించాడు. ఆమె వెనక నుంచి చూసి ఊరుకోలేకపోయింది.

"ఆడ కాదు సార్. రెండాకుల పైన గిల్లాల."

"తెలుసులే" అన్నాడు అయూబ్. కానీ చెయ్యి రెండాకుల పైకి జరిపాడు.

ఫిబ్రవరికి ఆమె వీసా గడువు అయిపోయింది. పొడిగిస్తామన్నా వద్దంది. వెళ్ళేది ఫలానా రోజని అయూబ్‌కు తప్ప ఎవరికీ తెలియదు, అతని దగ్గర కూడా నోరు విప్పొద్దని మాట తీసుకుంది. అది శుక్రవారం. మాంసం పొయ్యి మీద పెట్టి, సంగటి తెడ్డు మల్లేశ్ చేతికిచ్చింది.

"కలబెడుతుండు, అడుగంటుతాది. ఆకు కోసుకోనొస్తా."

మడిలో కూర్చొని గంప నిండా లేత ఆకు కోసింది. మూల మొక్క గింజలు అప్పటికే కొంగు ముడిలో ఉన్నాయి. గంపను కంచె తలుపు పక్కన, బోర్డు నీడలో పెట్టింది. మోటారు గది వెనక దాచిన సంచి భుజానికి తగిలించుకొని గేటు వైపు నడిచింది. అక్కడ ఎయిర్‌పోర్టుకు పోయే బండి ఇంజను తిరుగుతూనే ఉంది. వెనక వంటగదిలోంచి మల్లేశ్ గొంతు వినిపించింది.

"అక్కా, కొవ్వు తేలింది. ఆకేదీ?"

హుస్సేనమ్మ వెనక్కి తిరగలేదు. బండెక్కి తలుపు వేసుకుంది.