టార్చ్ పట్టుకునే మనిషి

లూసీకి ఇంట్లో ఒకటే ఉద్యోగమని మొగుడు సుందర్ రాజ్ ఏడిపించేవాడు. టార్చ్ పట్టుకోవడం! అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో అన్నం తినే బల్ల మీద అతను చర్చి మైకులు విప్పుకుని కూర్చుంటే, పక్కన నిలబడి వెలుతురు చూపించేది ఆవిడే. "బోర్డ్ మీద కొట్టవే లైటు, నా బట్టతల మీద కాదు" అనేవాడు. పొయ్యి మీద కూర మాడుతోందని ఈవిడ గొణిగేది. గొణుగుతూనే పనంతా కళ్లతో నేర్చేసుకుంది.

మొన్న చలికాలంలో సుందర్ రాజ్ గుండెపోటుతో పోయాడు. అతని గిటార్‌కి ఒక లూప్ పెడల్ ఉండేది. ఒకసారి వాయించి కాలితో నొక్కితే, వాయించినదాన్నే మళ్లీ మళ్లీ వినిపించే ఇనప డబ్బా. పోయే ముందురోజు సాయంత్రం అందులో ఏదో రికార్డ్ చేశాడు. అతను పాడుతుంటే లూసీ వంటింట్లోంచి వింది కూడా.

దాన్ని అతని జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో వినిపిద్దామని చర్చిలో కీబోర్డ్ వాయించే కాలేబ్ ముచ్చటపడ్డాడు. తెలుగు చర్చికి సొంత హాలు లేదు. అమెరికన్ల చర్చిలో అద్దెకు ఆరాధన చేసుకుని, వాళ్లు వచ్చేలోపు హడావిడిగా సర్దుకోవాలి. అందుకే అడాప్టర్లన్నీ ఒకే బియ్యం సంచిలో కుక్కేస్తారు. కాలేబ్ చేతికి కీబోర్డ్ అడాప్టర్ వచ్చింది. పిన్ను సరిగ్గా పట్టింది గానీ ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయి. పెడల్ చచ్చింది.

"నా బుర్ర పనిచేయలేదక్కా. కొత్తది ఆర్డర్ చేస్తాను."

"కొత్తదాంట్లో మీ అన్నయ్య గొంతుంటుందా?" అంది లూసీ. పాపం, అతను పెడల్‌ని గుడ్డలో చుట్టి ఆవిడ చేతికిచ్చాడు.

శనివారం పొద్దున్నే లూసీ పెడల్‌ని బల్ల మీద పెట్టింది. టార్చ్ పట్టుకోవడానికి ఎవరున్నారు? ఫోన్‌ని గ్లాసుకి ఆనించి లైటు వేసుకుంది. వైరు మార్చింది. సరైన అడాప్టర్ పెట్టింది. ఊహూఁ. మరలు విప్పి, కరెంటు లోపలికొచ్చే చోటున్న నల్లటి డయోడ్‌కి మీటర్ ఆనించింది. ఒకవైపే పలకాల్సింది రెండువైపులా కుయ్యిమంది. "వీడు కాపలావాడే లూసీ. తప్పుడు కరెంటొస్తే తాను చచ్చి లోపలివాళ్లని బతికిస్తాడు" అనేవాడు సుందర్ రాజ్. ఆ డయోడ్‌ని కత్తిరించి తీసేసింది.

అడాప్టర్ పెట్టగానే ఎర్రలైటు వెలిగింది. "స్తోత్రం తండ్రీ!" అని అరిచి, స్పీకర్‌కి తగిలించి, చేత్తోనే నొక్కింది.

గిటార్ వినిపించింది. గొంతు కోసం స్పీకర్‌కి చెవి ఆనించింది. రాలేదు. ఎలా వస్తుంది? ఆ డబ్బాకి వెళ్లేది గిటార్ వైరొక్కటే, మైకు కాదు. ఎన్నిసార్లు చూడలేదు తను! ఇన్నాళ్లూ లేనిదాని కోసం ఆశపడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు పోల్చుకుంది. అది తను చర్చిలో పాడే పాట. తన శ్రుతి. ఆ సాయంత్రం అతను పాడింది తనకి పాట మొదలు అందివ్వడానికే. "రావే, నీ శ్రుతిలోనే పెట్టాను, ఒక్క చరణం పాడు" అని పిలిచాడు కూడా. గిన్నెలున్నాయండీ, రేపు పాడతాలే అంది తను.

గిటార్ ఆవిడ అందుకోవాల్సిన చోటు దాకా వచ్చి, కాసేపు ఒట్టి తాళం వేసి, మళ్లీ మొదటికి వెళ్లింది. లూసీ నోరు తెరిచింది. అందుకునేలోపే ఆ చోటు దాటిపోయింది. గిటార్ మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది.

"ఉండండీ, వస్తున్నా" అంది లూసీ.