మా గ్లోరీ రెండో సాక్ష్యం

మా మరదలు గ్లోరీకి మూసిన తలుపంటే సచ్చేంత భయం. ఆరేళ్ళ పిల్లప్పుడు దాగుడుమూతలాటలో వడ్ల గాదెలో దాక్కుంటే, ఎవరో సూసుకోకుండా పైన పలక ఏసేసినారంట. పొద్దు వాలేదాకా అందులోనే ఉండిపోనాది. ఇప్పుడు నలభై దాటినాయి, ఇప్పటికీ స్నానానికెల్తే గడియ పెట్టదు. మరి కాపలా ఎవరనుకున్నారు? నేనే. మా తమ్ముడు రాబర్ట్‌కి దీనితో పెళ్ళయిన నాటి నుంచీ ఆ గుమ్మం కాడ నిలబడి "తొరగా తెములే" అనడమే నా ఉద్యోగం. నెల్లిమర్ల జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే పని గ్లోరీది. షెడ్డు పెద్దది, అక్కడ ఊపిరాడతాదంటాది.

మనిషి మంచిది. గొడవంతా మూడేళ్ళ కింద స్వస్థత కూటాల కాడ మొదలైనాది. ఎక్కడి నుంచో వచ్చిన బోధకుడు తల మీద సెయ్యేసి ప్రార్థన సేసి, "నీ భయం పోయిందా అమ్మా?" అని మైకు మూతి కాడ పెట్టినాడు. పందిరి నిండా జనం. పోనేదని ఎలా సెప్తాది? పోయిందనేసినాది. మా బాప్టిస్టు చర్చిలో మేలు పొందినోళ్ళు ఆదివారం నాడు నిలబడి సాక్ష్యం సెప్పాలి. అదీ సెప్పినాది. అందరూ స్తోత్రం, స్తోత్రం. ఇంటికొచ్చి తువ్వాలు భుజాన ఏసుకుని, "వదినా, గుమ్మం కాడ ఉంటావా?" అన్నాది.

నాకు ఒళ్ళు మండిపోనాది. "మరి నోరెందుకు జారినావే?" అని తిట్టినాను. తిట్టి, ఎల్లి గుమ్మం కాడ నిలబడ్డాను. ఇంటి పరువని ఎవరికీ సెప్పనేదు. మూడేళ్ళూ తేలు కుట్టిన దొంగల్లాగ ఉన్నాం ఇద్దరమూ.

ఈ ఏడు కోతలైపోయాక, ఊరి బయట పొలంలో నీళ్ళు పెట్టి కుర్రోళ్ళ సంఘం వాళ్ళు బురద పరుగు పెట్టినారు. మోకాల్లోతు బురదలో పరిగెట్టాలి, టైర్లు దాటాలి, వల కింద పాకాలి. ఆఖర్న సిమెంటు తూము. ఇరవై అడుగులుంటాది, సగానికి బురదే. జట్టుకి నలుగురు, నలుగురూ అవతల తేలితేనే లెక్క. మా పాస్టరు అయ్యగారి భార్య చర్చిలోనే సెప్పేసినాది: "స్త్రీల సమాజం తరఫున నేను, కాంతం, పద్మజ, గ్లోరీ. ఆ తూము గ్లోరీ దాటితే అదీ సాక్ష్యమే." కాంతమంటే నేనే. గ్లోరీ మొహం సూసాను. సున్నం కొట్టిన గోడలాగ ఉన్నాది.

అంతటితో ఐతే నేనేదో సాకు సెప్పి తప్పించేద్దును. పద్మజ ఉన్నాది సూసారా, సండే స్కూలు టీచరు, దానికి సిన్నప్పటి నుంచీ ఫిట్స్. రోజూ మాత్ర ఏసుకుంటాది కాబట్టి ఎనిమిదేళ్ళుగా రానేదు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి గ్లోరీ సేతులు పట్టుకున్నాది. "అక్కా, బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగినాడు కదా, అలాగ నేనూ అడిగినాను. నువ్వు ఆ తూము దాటితే నాకూ తగ్గినట్టే. ఆ పూట నుంచీ మాత్రలు మానేస్తాను" అన్నాది. కళ్ళలో ఎంత నమ్మకమో.

అది ఎల్లాక గ్లోరీ, "సెప్పేద్దామా వదినా?" అన్నాది. "ఏటి సెప్తావు? మూడేళ్ళు దేవుడి పేరు మీద అబద్ధమాడినానని సెప్తావా? నోర్మూసుకో" అన్నాను. ఈ మాట నేనే అన్నాను, గ్లోరీ కాదు. తూము దాటకపోతే ఊళ్ళో నవ్వులపాలు, దాటితే ఆ పిల్ల మందు మానేస్తాది. ముందు నుయ్యి, ఎనక గొయ్యి. అయినా పరుగు నాటికి ఏదో ఒక దారి దొరుకుతాదనుకున్నాను.

ఏ దారీ దొరకనేదు. మా తమ్ముడి ఫ్యాంటు తొడుక్కుని యాభై రెండేళ్ళకి నేనూ బురదలో దిగినాను. గ్లోరీ గట్టిది. టైర్లు దాటినాది, వల కింద నాకంటే ముందు పాకినాది, నన్ను జబ్బ పట్టి లాగినాది కూడాను. ఒక్కో అడ్డూ దాటతా ఉంటే తూము దగ్గరవుతన్నాది, దాని నడక మందమవుతన్నాది.

అయ్యగారి భార్యా, పద్మజా ముందు దూరి అవతల తేలినారు. గ్లోరీ తూము మూతి కాడ ఆగిపోనాది. గట్ల మీద చర్చోళ్ళంతా పేరు పెట్టి పిలుస్తన్నారు. నేను సెవిలో, "కళ్ళు మూసుకో. నీ కాలు పట్టుకుని ఎనకే వస్తాను. ఎవరికీ తెలీదు" అన్నాను. దూరినాది. ఎనకే నేనూ దూరినాను.

లోపల సీకటి. బురద గెడ్డం దాకా వచ్చినాది, ఈపు పైకప్పుకి రాసుకుంటన్నాది. సగం దాకా ఎల్లి గ్లోరీ కదలడం మానేసినాది. కాలు వణుకుతన్నాది, ఆ వణుకు నా సేతిలోకి వస్తన్నాది. ఊపిరి ఈల ఏసినట్టు పీలుస్తన్నాది. ముందుకెల్లదు, ఎనక్కి రావాలంటే నేను అడ్డం. "ఇంకో పదడుగులే గ్లోరీ" అన్నాను. అవతల నుంచి పద్మజ తల పెట్టి, "రా అక్కా, వచ్చేసావు" అంటన్నాది.

అప్పుడన్నాది గ్లోరీ. "పద్మజా, నాకు తగ్గనేదే. ఏ రోజూ తగ్గనేదు. అబద్ధం సెప్పినాను. నేను అవతలికి వచ్చినా సరే, నువ్వు మాత్రలు మానకు."

తూములో మాట కదా, మైకులో సెప్పినట్టు బయటికి ఇనపడిపోనాది. గట్ల మీద పిలుపులు ఆగిపోనాయి.

పద్మజ మెల్లిగా అడిగినాది, "కాంతమప్పకి తెలుసా?"

గ్లోరీ నా పేరు సెప్పనేదు. ఆ భయంలో కూడా సెప్పనేదు. నేనే, నోట్లో బురదతో, "తెలుసు" అన్నాను.

పద్మజ మళ్ళీ లోపలికి పాకి వచ్చినాది. గ్లోరీ మొహం కాడ మొహం పెట్టి, ఊపిరి కుదుటపడేదాకా ఏదో మాటాడతా ఉన్నాది. ఏటి మాటాడినాదో నాకు ఇనపడనేదు. సెయ్యి పట్టుకుని అంగుళం అంగుళం లాక్కుపోనాది. ఇద్దరూ అవతలికి ఎలిపోనారు. నేనొక్కదాన్నే తూములో మిగిలినాను. నాకెప్పుడూ సీకటి భయం నేదు, కానీ ఆ పూట ఆ పదడుగులూ పాకి ఎలుగులోకి రావడానికి సానాసేపు పట్టినాది.

పద్మజ మాత్ర మాననేదు, దేవుడి దయ. మరుసటి ఆదివారం గ్లోరీ చర్చిలో తనంతట తాను నిలబడి, మొదటి సాక్ష్యం అబద్ధమని అందరి ముందూ సెప్పినాది. కొందరు తల దించుకున్నారు, ఒకావిడ లేసి ఎలిపోనాది. అయ్యగారు, "ఇంకెవరైనా సెప్పాల్సింది ఉన్నాదా?" అని అడిగినారు.

ముందు వరసలో ఉన్న పద్మజ ఎనక్కి తిరిగి నా వైపే సూసినాది. నేను పాటల పుస్తకం తెరిచి, అందులో తల పెట్టుకుని కూకున్నాను.