అయిదు గంటల కువైట్

ఎండు నెత్తళ్ల చేపలు వేపుతుంటే ఇల్లంతా ఆ వాసనే కమ్మేసింది. మా చెల్లెలి కూతురు రమ్య నర్సు ఉద్యోగానికి కువైట్ పోతోంది, దానికి డబ్బాలో పెట్టివ్వాలని నా తాపత్రయం. అది ఫోన్లో విమానం టికెట్లు చూస్తూ, "చెన్నైలో ఎక్కితే అయిదు గంటలే పెద్దమ్మా, మన హైదరాబాదు బస్సు కంటే బిరీన దిగొచ్చు," అనింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ ఇంటిపనికి అదే కువైట్ పోయింది. నాన్న అప్పటికే లేడు. విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో నన్నూ చెల్లెల్నీ అమ్మమ్మ చూసుకునేది, అవ్వా అని పిలిచేవాళ్లం. అమ్మను పంపిన ఏజెంటు, "పొయ్యేదానికే పది దినాలు పడతాదవ్వా," అన్నాడు. పది రోజులంట! చందమామ మీదికా? కానీ మావాళ్లకు దూరమంటే పడవ, తెరచాప, గాలి, ఎవరూ ఎదురడగలేదు.

మా పల్లెలో మనిషి సముద్రంలో ఉన్నంతసేపూ ఇంటి ఆడవాళ్లు చీపురు పట్టరు, తలకు నూనె పెట్టరు. ఆ లెక్కన అవ్వ పది రోజులు ఇల్లు ఊడవలేదు. వైశాఖ మాసపు గాలికి సరుగుడు తోపు మీదుగా ఇసుక కొట్టుకొచ్చి, గడప దాటి, పొయ్యి దాకా పాకి, మామిడికాయ వేసిన చేపల పులుసులో పంటికింద కరకరలాడేది. మేమిద్దరం ఆ ఇసుకలో గవ్వలు దాచి వెతుక్కుంటూ తెగ సంబరపడిపోయేవాళ్లం. అవ్వ రేగిన జుట్టుతో గుమ్మంలో కూచుని సముద్రం కేసి, అంటే తూర్పుకేసి, చూస్తూ ఉండేది. కువైట్ పడమరన ఉందని కూడా ఆమెకు చెప్పిన పాపాన పోలేదెవరూ.

మరుసటేడు కార్తీకపు ముసురులో అవ్వ మంచం పట్టింది. "నా బిడ్డను ఒక్కసారి చూపించయ్యా," అని ఏజెంటు చేతులు పట్టుకుంది. "కబురు పెట్టినాను, పది దినాల్లో వస్తాది," అన్నాడా పెద్దమనిషి. మళ్లీ మమ్మల్ని చీపురు ముట్టనివ్వలేదు అవ్వ. గోడ మీద రోజుకో బొగ్గు గీత గీయమనేది. తొమ్మిదో గీత నాడు పోయింది. ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయిందే అని నేను అవ్వ మీదే అలిగాను. పదోరోజు అక్కాచెల్లెళ్లం బస్సు ఆగే చోట పొద్దుగుంకేదాకా నిలబడ్డాం.

అమ్మ రెండేళ్లకు వచ్చింది. రాలేకపోయిన మనిషిని నొప్పించడం ఎందుకని అవ్వ ఎదురుచూసిన మాట మేమెవరం ఎత్తలేదు. ఇన్నేళ్లూ ఎత్తలేదు.

ఈరోజు మాత్రం నోరు ఆగలేదు. పొయ్యి ఆపేసి, కుర్చీలో ఉన్న అమ్మ ముందు నిలబడ్డాను. "అయిదు గంటల దారి అంటమ్మా! మరి అవ్వ తొమ్మిది రోజులు నీకోసం కళ్లల్లో ప్రాణాలు పెట్టుకోని ఎందుకు చచ్చింది? కబురందినాక నువ్వెందుకు రాలా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఏం కబురు? నిద్దర్లో పోయిందని గదా ఆ ఏజెంటు ఫోన్లో చెప్పినాడు. అదీ కర్మ దినాలన్నీ అయిపోయినాక." నా చేతులు పట్టుకుని, "అమ్మ నన్ను అడిగిందా?" అనింది.

నిలదీద్దామంటే ఆ దుర్మార్గుడు ఎప్పుడో పోయాడు. ఆ పూరిళ్లు లేవు, అవ్వ ఆఖరి రోజులు చూసిన పెద్దవాళ్లూ లేరు, చెల్లెలప్పుడు మరీ పసిది. చెప్పాల్సింది నేనొక్కదాన్నే. అడిగిందమ్మా, అన్నాను.